నోటితో పైపు పీల్చకండి – చేతి పంపు వాడండి



మీరు వార్డు బయట బల్ల మీద కూర్చొని ఎదురుచూసే ఈ సమయంలో ఒక చిన్న విషయం చెప్పాలని ఈ పాఠం రాస్తున్నాను. క్యానులో నిలవ ఉంచిన డీజిలు, పెట్రోలు, కిరసనాయిలు ఇంకో దానిలోకి ఎలా తీయాలి అన్నదే ఆ విషయం. "ఇందులో ఆరోగ్యం సంగతి ఏముంది సిస్టర్?" అని మీకు అనిపించవచ్చు. ముందు ఒక రాత్రి జరిగిన సంగతి వినండి.

రొయ్యల చెరువు మీద కాపలా ఉండే ముప్ఫై రెండేళ్ళ మనిషి. వానాకాలం, అర్ధరాత్రి దాటాక కరెంటు పోయింది. రాత్రి పూట చెరువు నీటిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. ఏరియేటర్లు ఆగితే కొద్దిసేపట్లోనే రొయ్యలు పైకి తేలడం మొదలవుతుంది. సంవత్సరం కష్టం ఒక్క రాత్రిలో పోతుంది. జనరేటరు ట్యాంకు ఖాళీగా ఉంది. గట్టు మీద షెడ్డులో డీజిలు క్యాను ఉంది. అతను క్యానులో పైపు పెట్టి, రెండో చివర నోట్లో పెట్టుకొని గట్టిగా పీల్చాడు. డీజిలు ఒక్కసారిగా నోట్లోకి వచ్చింది. దగ్గాడు, ఉమ్మేశాడు, పైపు ట్యాంకులో పెట్టాడు. జనరేటరు నడిచింది. రొయ్యలు బతికాయి.

తెల్లవారి ఇంటికి వెళ్ళి భార్యకు చెప్పాడు. ఆమె భయపడి రెండు గ్లాసుల మజ్జిగ తాగించి, గొంతులో వేలు పెట్టించి వాంతి చేయించింది. సాయంత్రానికి జ్వరం, ఛాతీలో నొప్పి. మర్నాటికి ఆయాసం. మా దగ్గరకు తెచ్చేసరికి వేలికి పెట్టే మిషనులో ఆక్సిజన్ 86 చూపించింది. మామూలుగా అది 95 పైన ఉండాలి. తొమ్మిది రోజులు వార్డులో ఉన్నాడు. మొదటి నాలుగు రోజులు ఆక్సిజన్ మాస్కు తీస్తే మాట్లాడలేకపోయాడు.

ఆ రోజుల్లో అతని భార్య నన్ను ఒకే మాట మళ్ళీ మళ్ళీ అడిగింది. "ఒక్క గుక్కే కదా సిస్టర్, అదీ ఉమ్మేశాడు కదా. ఇంత ఎందుకయింది?" ఆమెకు చెప్పిన జవాబే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

ఒక్క గుక్క ఎందుకంత కీడు చేస్తుంది?

చాలామంది కిరసనాయిలు, డీజిలు కడుపులోకి పోతే విషం ఎక్కుతుందని అనుకుంటారు. అసలు ప్రమాదం ఎక్కువగా కడుపులో ఉండదు, ఊపిరితిత్తుల్లో ఉంటుంది.

ఇవి నీళ్ళలా కనిపించినా నీళ్ళకన్నా సులువుగా పాకిపోతాయి. వంట నూనె చిక్కగా ఉంటుంది కనుక నోట్లోంచి కడుపులోకి నిదానంగా జారుతుంది. కిరసనాయిలు, పెట్రోలు అలా కాదు. గొంతు దగ్గర అన్నం పోయే దారి, గాలి పోయే దారి రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఈ పల్చని ద్రవం కొంచెం గాలి దారిలోకి జారినా వెంటనే లోపలికంటా పరుచుకుపోతుంది. పైపు పీల్చేటప్పుడు మనం గాలినే లోపలికి లాగుతున్నాం. అంటే ఆ దారిని మనమే తెరిచి పెడుతున్నాం.

ఊపిరితిత్తుల్లో సన్నని గాలి తిత్తులు కోట్ల సంఖ్యలో ఉంటాయి. అవి ముడుచుకుపోకుండా లోపల ఒక పల్చని పొర కాపాడుతుంది. డీజిలు, కిరసనాయిలు ఆ పొరను పాడు చేస్తాయి. తిత్తులు ముడుచుకుంటాయి, వాచిపోతాయి, నీరు చేరుతుంది. ఇది క్రిములతో వచ్చే న్యుమోనియా కాదు, రసాయనంతో వచ్చే న్యుమోనియా. దీనికి గ్లాసుడు తాగనక్కరలేదు. చెంచాలో కొద్ది భాగం గాలి దారిలోకి పోయినా చాలు.

వాంతి చేయిస్తే ఏమవుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. కడుపులోకి పోయినది మళ్ళీ గొంతు దాకా వస్తుంది. గాలి దారిలోకి జారడానికి దానికి రెండోసారి అవకాశం ఇచ్చినట్టవుతుంది.

నేను చేసిన తప్పు

ఆమె మీద నాకు కోపం రాలేదు. ఎందుకంటే అదే తప్పు నేనూ చేశాను. 1998లో నేను నర్సింగు చదువుతూ సెలవులకు ఊరు వెళ్ళాను. మా అన్నయ్య కొడుకు అప్పుడు రెండేళ్ళవాడు. స్టవ్వులో పోయడానికి సీసాలో ఉంచిన నీలం కిరసనాయిలు తాగాడు. దగ్గుతున్నాడు గాని బాగానే ఉన్నాడు. నేను చదువుకున్నదాన్నని అందరూ నా వైపు చూశారు. పురుగుమందు తాగినవారికి కడుపు కడగడం వార్డులో చూశాను. అదే అనుకొని ఉప్పు నీళ్ళు కలిపి తాగించాను. రెండుసార్లు కక్కాడు. అరగంటలో డొక్కలు ఎగరేయడం మొదలుపెట్టాడు.

పట్నం ఆసుపత్రిలో డాక్టరుగారు "ఎవరు కక్కించారు?" అని అడిగారు. నాకు నోరు పెగల్లేదు. మా వదినే నా తరఫున "భయపడి చేశామండి" అని చెప్పింది. ఐదు రోజులు వాడి మంచం పక్కన కూర్చున్నాను. వాడు బతికాడు, ఇప్పుడు పెళ్ళి చేసుకొని పిల్లల తండ్రి అయ్యాడు. నన్ను చూసినప్పుడల్లా "అత్తా, ఉప్పు నీళ్ళు కావాలా?" అని నవ్విస్తాడు. నాకు మాత్రం ఆ ఐదు రోజులు గుర్తుకొస్తాయి. మంచి మనసుతో చేసినా తప్పు తప్పే. అందుకే తెలుసుకోవాలి.

చేతి పంపు అంటే ఏమిటి?

ఇనుప సామాన్ల కొట్లలో, ఇంజను స్పేర్ల కొట్లలో దొరుకుతుంది. మధ్యలో పిండడానికి మెత్తని ప్లాస్టిక్ బుడ్డ ఉంటుంది. దానికి ఒక పక్క గట్టి గొట్టం, ఇంకో పక్క మెత్తని పైపు ఉంటాయి. పైన చిన్న మూత ఉంటుంది. దాని ఖరీదు ఒక రోజు కూలికి మించదు.

లోపల ఒకవైపు మాత్రమే తెరుచుకునే చిన్న తలుపులు ఉంటాయి. బుడ్డ పిండితే అందులోనిది మెత్తని పైపులోంచి బయటకు పోతుంది. వదిలితే గట్టి గొట్టంలోంచి క్యానులోని డీజిలు పైకి వస్తుంది. నోరు చేసే పని చెయ్యి చేస్తుంది, అంతే. క్యాను ఎత్తులోను, ట్యాంకు పల్లంలోను ఉంటే నాలుగైదుసార్లు పిండాక దానంతట అదే కారుతుంది. ట్యాంకు ఎత్తులో ఉంటే మాత్రం నిండేవరకు పిండుతూనే ఉండాలి.

వాడే పద్ధతి

1. ఇంజను లేక జనరేటరు ఆపండి. సైలెన్సరు చల్లారనివ్వండి. నడుస్తున్న ఇంజనులో, వేడి ఇంజను మీద నూనె పోయకండి.

2. దగ్గర్లో బీడీ, పొయ్యి, దీపం, కొవ్వొత్తి ఉండకూడదు. రాత్రయితే టార్చిలైటు ముందే వెలిగించి, కాస్త దూరంగా పెట్టుకోండి. చీకట్లో అగ్గిపుల్ల గీసి ట్యాంకులోకి చూడడం ఎంతమాత్రం వద్దు.

3. వీలైతే క్యానును ఇటుకల మీదో, అరుగు మీదో కదలకుండా పెట్టండి. ట్యాంకు దాని కంటే పల్లంలో ఉంటే మంచిది.

4. గట్టి గొట్టాన్ని క్యానులోకి దించండి. అడుగుకు అంగుళం పైన ఉంచండి. అడుగున మడ్డి, నీరు ఉంటాయి.

5. మెత్తని పైపును ట్యాంకులోకి జానెడు లోతు దించి, జారకుండా ఒక చేత్తో పట్టుకోండి.

6. పైన ఉన్న మూత బిగించండి. బుడ్డను నిదానంగా పిండి వదలండి. నాలుగైదుసార్లకు డీజిలు వస్తుంది.

7. ట్యాంకు పూర్తిగా నిండక ముందే, రెండు వేళ్ళ ఖాళీ ఉండగా పైమూత వదులు చేయండి. గాలి చొరబడి కారడం ఆగిపోతుంది. ఎండకు నూనె ఉబ్బుతుంది కనుక ఆ ఖాళీ అవసరం.

8. ముందు క్యానులో గొట్టం పైకెత్తి, పైపులో మిగిలినది ట్యాంకులోకి కారిపోనివ్వండి. తరువాత రెండూ తీయండి. క్యానుకు, ట్యాంకుకు మూతలు బిగించండి.

9. కింద పడినదాని మీద ఇసుక చల్లి ఎత్తేయండి. నూనె తుడిచిన గుడ్డను పొయ్యి దగ్గర వేయకండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. డీజిలు అంటిన చేతులతో అన్నం తినకండి, చంటిపిల్లల్ని ఎత్తుకోకండి.

పంపు మూత పగిలినా, పిండితే డీజిలు రాకపోయినా "పోనీ ఈ ఒక్కసారికి నోటితో" అనుకోకండి. పంపు పనిచేయకపోతే గరాటు పెట్టి ఇద్దరు కలిసి క్యాను వంచి పోయండి. ఒక పంపు ఒక్క నూనెకే వాడాలి. పురుగుమందుకు వాడిన పంపు గాని పైపు గాని ఇంక దేనికీ వాడకూడదు. పురుగుమందు డబ్బాలో పైపు పెట్టి నోటితో పీల్చడం డీజిలు కన్నా ఎన్నో రెట్లు ప్రమాదం. అది నేరుగా ప్రాణం తీస్తుంది.

పెట్రోలు సంగతి వేరు

డీజిలుకు, పెట్రోలుకు చాలా తేడా ఉంది. పెట్రోలు ఎంత చల్లగా ఉన్నా ఆవిరి వస్తూనే ఉంటుంది. ఆ ఆవిరి గాలి కన్నా బరువు. నేల వెంట పాకి, గది అవతల ఉన్న పొయ్యిని అందుకొని మంట తిరిగి మన దగ్గరకు తెస్తుంది. అందువల్ల పెట్రోలు ఎప్పుడూ ఆరుబయటే పోయాలి. పాత్ర నేల మీద పెట్టి పోయాలి. బండి మీద, ప్లాస్టిక్ పట్టా మీద పెట్టి పోస్తే రాపిడి వల్ల పుట్టే కరెంటు నిప్పురవ్వ కావచ్చు. బ్యాటరీతో నడిచే చిన్న పంపులు ఇప్పుడు దొరుకుతున్నాయి. వాటి మోటారులో రవ్వలు పుట్టవచ్చు. పెట్రోలుకు పనికివస్తుందని దాని మీద రాసి ఉంటే తప్ప వాడకండి. బైకులోంచి పెట్రోలు తీయవలసి వస్తే మెకానిక్కుకు అప్పగించండి.

ఇంట్లో పెట్రోలు నిలవ చేయకపోవడమే మేలు. 1934 నాటి పెట్రోలియం చట్టం లైసెన్సు లేకుండా సొంత వాడకానికి 30 లీటర్ల వరకే అనుమతిస్తుంది. అది కూడా గాజు పాత్రయితే లీటరుకు, లోహపు పాత్రయితే 25 లీటర్లకు మించరాదని చెబుతుంది. నీళ్ళ ప్లాస్టిక్ సీసా గురించి అందులో లేదు.

డీజిలు, కిరసనాయిలు అంత తేలికగా అంటుకోవన్నది నిజమే. కాని మన దేశపు ప్రమాణం ప్రకారం వాటి ఆవిరికి నిప్పంటుకునే వేడి 35 డిగ్రీలకు తగ్గకూడదు, అంతే. రోహిణి కార్తెలో మన ఎండ 45 డిగ్రీలు. రేకుల షెడ్డులో ఇంకా ఎక్కువ. కనుక వేసవిలో డీజిలును కూడా పెట్రోలులాగే చూడండి.

జనరేటరును గదిలో పెట్టి నడపకండి. దాని పొగలో వాసన, రంగు లేని విషవాయువు ఉంటుంది. తలుపులు మూసి పడుకున్నవారు నిద్రలోనే పోతారు.

పిల్లలున్న ఇంట్లో

క్యానులోంచి తీసినది ఎక్కడ పోస్తున్నారు? మా దగ్గరకు వచ్చే పిల్లల్లో ఎక్కువమంది తాగినది కూల్‌డ్రింకు సీసాలోదే, నీళ్ళ సీసాలోదే. ఒకటి నుంచి మూడేళ్ళ పిల్లలు దేన్నయినా నోట్లో పెట్టుకొని చూస్తారు. దాహం వేసిన పిల్లవాడికి సీసా కనబడితే అది నీళ్ళే. కిరసనాయిలు ఇప్పుడు చాలా ఇళ్ళలో తగ్గింది. కాని పెయింటు థిన్నరు, టర్పెంటైను, స్ప్రేయరు కోసం ఉంచిన పెట్రోలు ఉన్నాయి. వీటన్నిటికీ ఇదే మాట.

తాగే వస్తువుల సీసాల్లో, గ్లాసుల్లో పోయకండి. క్యాను మీద పెద్ద అక్షరాలతో పేరు రాయండి. మూత బిగించి, పిల్లల చేతికందనంత ఎత్తులో, తాళం వేసిన చోట పెట్టండి. పంపు కూడా అక్కడే వేలాడదీయండి. పిల్లలు పంపు పైపును నోట్లో పెట్టుకొని ఊదుతారు.

జరగరానిది జరిగితే

నోట్లోకి పోతే: నోరు నీళ్ళతో పుక్కిలించి ఉమ్మాలి. కూర్చోబెట్టండి. మందు, ఆహారం ఏమీ ఇవ్వకండి. వాంతి చేయించకండి. దానంతట అదే వాంతి వస్తే తల ముందుకు వంచండి, పిల్లవాడయితే పక్కకు తిప్పి పట్టుకోండి. తడిసిన బట్టలు విప్పి ఒళ్ళు సబ్బుతో కడగండి. 108కి ఫోను చేయండి, లేదా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఆ సీసాను, క్యానును వెంట తీసుకురండి. పురుగుమందు ఏదైనా కలిసి ఉందేమో దాచకుండా చెప్పండి. దాన్ని బట్టి వైద్యం మారిపోతుంది.

కంట్లో పడితే: రెప్పలు తెరిచి పట్టి, పారే నీటితో పదిహేను ఇరవై నిమిషాలు కడగండి. తరువాత చూపించండి.

నిప్పంటుకుంటే: పరుగెత్తనివ్వకండి. పడుకోబెట్టి దొర్లించండి, మందపాటి దుప్పటి కప్పండి. మంట ఆరాక కాలిన చోట ఇరవై నిమిషాలు మామూలు నీళ్ళు పోయండి. ఐసు, పేస్టు, ఇంకు, పసుపు వద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకురండి.

మీరు మమ్మల్ని అడిగే ప్రశ్నలు

"మా పక్కింటాయన పురుగుమందు తాగితే కడుపు కడిగారు. మావాడికి ఎందుకు కడగరు?"

ఈ మాట మీద వార్డులో గొడవలు కూడా జరిగాయి. మీ బాధ మాకు తెలుసు. కడుపు కడగడానికి గొట్టం వేస్తే వాంతి వస్తుంది, ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కడగకపోవడం నిర్లక్ష్యం కాదు, అదే వైద్యం. పురుగుమందు కలిసి ఉంటే డాక్టరుగారు వేరుగా ఆలోచిస్తారు.

"పాలు, మజ్జిగ, నెయ్యి పోస్తే విరుగుడు కాదా?"

కాదు. కడుపు నిండి వాంతి వస్తుంది. ఉప్పు నీళ్ళు చిన్నపిల్లలకు వేరే ప్రమాదం కూడా తెస్తాయి. రక్తంలో ఉప్పు పెరిగి ఫిట్సు రావచ్చు.

"బాబు ఆడుకుంటున్నాడు. ఇంకా ఎందుకు ఉంచుతున్నారు?"

కొందరిలో ఆయాసం కొన్ని గంటల తరువాత మొదలవుతుంది. వెంటనే తీసిన ఎక్స్‌రే శుభ్రంగా కనిపించి, తరువాత తీసినదాంట్లో మచ్చ కనిపించవచ్చు. అందుకని కనీసం ఆరు గంటలు చూస్తాం. అప్పటికీ దగ్గు, ఆయాసం లేకపోతే పంపిస్తాం. ఇంటికి వెళ్ళాక ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు బిడ్డ నిమిషానికి 40 సార్లు లేక అంతకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు లోపలికి పోతున్నా, మూలుగుతున్నా, మత్తుగా ఉన్నా తెల్లవారేదాకా ఆగకండి.

"జ్వరం వచ్చింది. పెద్ద యాంటీబయాటిక్ రాయరా?"

మొదటి రోజు జ్వరం చాలావరకు రసాయనం వల్ల వచ్చిన వాపుతోనే వస్తుంది. ముఖ్యమైన మందు ఆక్సిజన్. యాంటీబయాటిక్ అవసరమా కాదా అన్నది డాక్టరుగారు చూసి నిర్ణయిస్తారు.

"మా ఊళ్ళో అందరూ నోటితోనే పీలుస్తారు. ఎవరికీ ఏమీ కాలేదు."

కళ్ళు మూసుకొని రోడ్డు దాటినవాళ్ళలో కూడా చాలామంది అవతలికి చేరతారు. చేరనివారిని మేము వార్డులో చూస్తాం.

గుర్తుంచుకోండి

• డీజిలు, పెట్రోలు, కిరసనాయిలు నోటితో పీల్చకండి.
• చేతి పంపు ఒకటి కొని క్యాను పక్కనే ఉంచండి.
• తాగే సీసాల్లో నూనెలు పోయకండి.
• మింగితే కక్కించకండి, ఏమీ తాగించకండి, వెంటనే తీసుకురండి.
• బాగానే ఉన్నా ఆరు గంటలు ఆసుపత్రిలో ఉండనివ్వండి.

ఆ కాపలా మనిషి డిశ్చార్జి అయ్యాక చూపించుకోవడానికి మూడు వారాలకు వచ్చాడు. ఇంకా మెట్లెక్కితే కాస్త ఆయాసపడుతున్నాడు. అతని భార్య చెప్పింది, వాళ్ళ యజమాని చెరువుకొకటి చొప్పున పంపులు కొనిచ్చాడట. "రొయ్యల కోసం నాలుగు ఏరియేటర్లు కొన్న మనిషి సిస్టర్, ఈ చిన్నదాని సంగతి ఎవరికీ తోచలేదు" అంది.

మీకు తోచాలనే ఈ పాఠం. ఇంటికి వెళ్ళాక మీ షెడ్డులో క్యాను పక్కన ఏ పైపు ఉందో ఒకసారి చూడండి. దాని చివర పంటిగాట్లు ఉంటే ఆ రోజే తీసి పారేయండి.